శనివారం పొద్దున దిగే మా ఆవిడకి నా చేత్తో ఏం వండిపెట్టను?

పొగతోట_కుర్రోడు
మా ఆవిడ ఉద్యోగం హైదరాబాద్‌లో, నాది నెల్లూరులో. నెలకోసారి శుక్రవారం రాత్రి సింహపురి ఎక్స్‌ప్రెస్ ఎక్కి శనివారం పొద్దున ఇక్కడ దిగుతుంది. ఆదివారం సాయంత్రం మళ్లీ అదే బండికి వెళ్లిపోతుంది. వచ్చిన ప్రతిసారీ స్నానం అవగానే వంటింట్లోకి దూరుతుంది, లేదంటే బయటి నుంచి బిర్యానీ తెప్పించుకుంటాం. నెలంతా హాస్టల్ తిండి తిన్న మనిషి ఇంటికొచ్చి కూడా పొయ్యి ముందు నిలబడటమో, పార్సిల్ కవర్లు విప్పడమో నాకు అస్సలు నచ్చడం లేదు. ఈసారి తను కూర్చోవాలి, నేను వండి వడ్డించాలి.

నాకు అన్నం, ముద్దపప్పు, కోడిగుడ్డు పొరటు వచ్చు. ఇంట్లో రెండు పొయ్యిల స్టవ్, కుక్కర్, మిక్సీ, ఫ్రిజ్ ఉన్నాయి. తనది మార్కాపురం వైపు. చేపలు ఇష్టమే గానీ ముళ్లంటే భయం. శనివారం టిఫిన్ నుంచి ఆదివారం సాయంత్రం దాకా సులువుగా అయ్యేవి చెప్పండి. ఈ వారమే.

ఒంగోలు_గిత్త
నెల్లూరులో ఉండి ఈ ప్రశ్న ఏందన్నా. చేపల పులుసు పెట్టు. ముళ్ల భయమంటే వంజరం తెచ్చుకో, నడిమి ముల్లు తప్ప ఏమీ ఉండదు. మైపాడు పోతే ఒడ్డుమీదే కొనుక్కోవచ్చు.

మైపాడు_అల
గిత్త అన్నా, ఇప్పుడు మే నెల. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరబోట్ల వేట బంద్. తెడ్డు పడవల వాళ్లకి మినహాయింపు ఉంది గానీ వాళ్లకి పడేది కొంచెం, వంజరం దొరుకుతుందని చెప్పలేం. బజార్లో కనపడే వంజరం చాలావరకు ఐసులో పెట్టిందే. పులుసుకి ఈ రెండు నెలలూ చెరువు చేప కొనడం మేలు.

ఒంగోలు_గిత్త
ఆ సంగతి తట్టలేదు. అయితే కొర్రమీను.

మైపాడు_అల
అదే. కొర్రమీనుకి కండలో సన్నముళ్లు ఉండవు, తనకి భయముండదు. బొచ్చె, రాగండి చవకే గానీ ముల్లు ఎక్కువ. బతికున్నది చూసుకుని కొను, అక్కడే శుభ్రం చేయించి ముక్కలు కొట్టించు. ఇంట్లో రాళ్లుప్పు, పసుపు, నిమ్మరసం వేసి రుద్ది కడిగితే నీచు వాసన, జిగురు రెండూ పోతాయి.

చుక్కకూర
అందరూ చేపల మీద పడ్డారు. ఆయనకి వచ్చింది ముద్దపప్పు. దాని పక్కన ఇంకో రెండు నేర్చుకుంటే చాలు. మామిడికాయల కాలం, మామిడికాయ పప్పు చేయి తమ్ముడూ. ఒకటి గుర్తుపెట్టుకో. మామిడి ముక్కలు కందిపప్పుతో కలిపి కుక్కర్లో వెయ్యకు. పులుపు తగిలితే పప్పు ఒక పట్టాన ఉడకదు. పప్పు విడిగా మెత్తగా ఉడికించు, ముక్కలు గిన్నెలో వేరే మగ్గనివ్వు, తర్వాత కలుపు. ఉప్పు కూడా అప్పుడే.

సింహపురి_బోగీ
నేను అదే బండిలో వచ్చిపోయే దాన్ని, అందుకని చెప్తున్నా. రాత్రంతా సరిగ్గా నిద్ర ఉండదు, దిగేసరికి తల దిమ్ముగా ఉంటుంది. నోటికి ఏదో ఒకటి వేడిగా తగలాలి, తర్వాత కాసేపు నడుం వాల్చాలి. పొద్దున్నే ఇల్లంతా పోపు ఘాటు పెట్టకండి. టిఫిన్ చిన్నది, మధ్యాహ్నం అసలు భోజనం, రాత్రి తేలిక.

ఇంకోటి. హాస్టల్లో మాకు దొరకనివేంటో ఆలోచించండి. బిర్యానీ, ఫ్రైడ్ రైస్ హైదరాబాద్‌లో అడుగడుక్కీ ఉంటాయి. దొరకనిది గట్టి పప్పు, కమ్మటి నెయ్యి, గడ్డ పెరుగు, అప్పుడే దించిన అన్నం. నేను ఇంటికొచ్చినప్పుడు మా ఆయన నా కోసం కంచంలో అన్నం వేడిగా పెట్టి, పొగ పోకముందే నెయ్యి వేస్తాడు. అదొక్కటి నాకు పండగ.

కావలి_కాఫీ
అసలు తనకేం తినాలనుందో తననే ఫోన్ చేసి అడగండి. ఇంతమందిని అడిగేకన్నా అది తేలిక.

ఒంగోలు_గిత్త
అడిగితే ఇంకేం మజా ఉంటది కాఫీ గారూ. తలుపు తీయగానే పులుసు వాసన రావాలి.

కావలి_కాఫీ
మజా మనకి. తినేది ఆమె. మా అన్నయ్య మా వదిన పుట్టినరోజుకి చెప్పకుండా రొయ్యల ఇగురు చేశాడు. ఆమెకి ఆ వారం కడుపు బాగాలేదు, పెరుగన్నంతో సరిపెట్టుకుంది. రొయ్యలన్నీ మేం తిన్నాం.

సింహపురి_బోగీ
అడిగితే మేం నిజం చెప్పం కాఫీ గారూ. "ఏదైనా పర్లేదు, నువ్వు కష్టపడకు" అంటాం. మా అమ్మనడిగితే మాత్రం మొత్తం జాబితా వస్తుంది. తమ్ముడూ, అత్తగారికి ఫోన్ చెయ్యి.

పొగతోట_కుర్రోడు
ఇది నాకు తట్టలేదక్కా. ఇప్పుడే చేస్తా.

అల్లూరు_అక్క
చేపల పులుసు ఎట్టా పెట్టాలో వివరంగా చెప్తా. మొదటిసారి చేసేవాళ్లకి కూడా వస్తుంది, తొందర పడకపోతే చాలు.

కిలో ముక్కలకి పాత చింతపండు 70 గ్రాములు. మామిడికాయ ముక్కలు కూడా వేస్తే 50 చాలు. గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి చిక్కగా పిసికి పెట్టుకో. ఎర్రగడ్డలు మూడు సన్నగా, టమాటాలు రెండు, పచ్చిమిరపకాయలు ఆరు నిలువుగా చీల్చి. ముక్కలకి ఉప్పు, పసుపు, కొంచెం కారం పట్టించి పక్కన పెట్టు.

వెడల్పాటి గిన్నె తీసుకో, ముక్కలు ఒకదాని మీద ఒకటి పడకూడదు. మట్టి దాక ఉంటే మంచిది, లేదా స్టీలు. అల్యూమినియం వద్దు, పులుపు తగిలితే రుచి మారిపోతుంది. నూనె అరకప్పు, తగ్గించకు. ఆవాలు, పావు స్పూను మెంతులు, కరివేపాకు. మెంతులు ఎర్రబడాలి గానీ నల్లబడకూడదు, నల్లబడితే పులుసంతా చేదు. ఎర్రగడ్డలు మెత్తబడ్డాక తెల్లగడ్డ ముద్ద, టమాటాలు. అవి కరిగిపోయాక మూడు స్పూన్ల కారం, రెండు స్పూన్ల ధనియాల పొడి వేసి వెంటనే చింతపండు పులుసు పొయ్యి. కారం నూనెలో మాడితే రంగు పోతుంది.

ఇప్పుడు మంట మధ్యస్తంగా పెట్టి పదిహేను నిమిషాలు మరగనివ్వు. చింతపండు పచ్చివాసన పోయి, గిన్నె అంచుల దగ్గర నూనె ఎర్రగా తేలుతుంది. అది కనపడే దాకా చేప ముక్క వెయ్యొద్దు. చాలామంది ఇక్కడే తొందర పడతారు. నూనె తేలాక ముక్కలు, మామిడికాయ ముక్కలు సర్ది సన్నమంట మీద ఎనిమిది, పది నిమిషాలు. గరిట పెట్టకూడదు. గిన్నె రెండు చెవులూ గుడ్డతో పట్టుకుని నెమ్మదిగా తిప్పు. ముక్క తెల్లబడి ముల్లు దగ్గర విడివడుతుంటే ఆపెయ్. చివర్లో వేయించిన మెంతులు, జీలకర్ర పొడి అర స్పూను, కొత్తిమీర.

ముఖ్యమైనది ఇదీ. శుక్రవారం రాత్రే చేసెయ్. శనివారం మధ్యాహ్నానికి ముక్కకి పులుసు పట్టి ఉంటుంది. ఏ పూటకాపూట చేసిన పులుసు మా ఇంట్లో ఎవరూ మెచ్చరు.

చుక్కకూర
ఈ ఎండల్లో రాత్రి చేసింది మధ్యాహ్నం దాకానా అక్కా?

అల్లూరు_అక్క
మా అమ్మ అయితే దాకని నీళ్ల పళ్లెంలో పెట్టి బయటే ఉంచేది. పులుపు, ఉప్పు గట్టిగా ఉంటాయి గదా, చెడదు.

మైపాడు_అల
అక్కా, దీంట్లో నేను ఒప్పుకోను. రోహిణి కార్తె ఎండల్లో బయట పెట్టే రిస్కు ఎందుకు, ఫ్రిజ్ ఉందన్నాడు గదా. పూర్తిగా చల్లారాక మూతపెట్టి ఫ్రిజ్‌లో పెట్టు తమ్ముడూ. మధ్యాహ్నం సన్నమంట మీద బాగా వేడి చెయ్యి, పొంగు రావాలి. రుచిలో తేడా రాదు. బయలుదేరే రోజు కడుపు నొప్పి వస్తే రైల్లో ఆమెకి నరకం.

అల్లూరు_అక్క
సరే, ఫ్రిజ్ ఉంటే అట్టాగే పెట్టు. నాకు అభ్యంతరం లేదు. మట్టి దాకని మాత్రం ఫ్రిజ్‌లోంచి తీసి నేరుగా మంట మీద పెట్టకు, పగులుతుంది.

చీమకుర్తి_గ్రానైట్
కొత్త దాక కొంటే ముందు రోజు రాత్రంతా నీళ్లలో నానబెట్టి, తర్వాత బియ్యం కడుగు నీళ్లు పోసి మరిగించాలి. అలా చెయ్యకుండా పొయ్యెక్కిస్తే చిట్లుతుంది. ఈ వారానికి స్టీలు గిన్నెతో కానిచ్చెయ్ బ్రదర్.

పొగతోట_కుర్రోడు
అత్తగారితో మాట్లాడా. నేను వండుతానంటే మొదట నమ్మలేదు, తర్వాత అరగంట వదల్లేదు. ఆవిడ చెప్పినవి: కంది పచ్చడి, పచ్చిపులుసు, అలసంద వడలు, సజ్జరొట్టె. చిన్నప్పుడు బడి నుంచి రాగానే కంది పచ్చడి అన్నం కోసం మారాం చేసేదట. ఈ సంగతి నాకు తను ఎప్పుడూ చెప్పలేదు. ఇప్పుడు చేపల పులుసా, కంది పచ్చడా?

ఒంగోలు_గిత్త
రెండూ. వడలు, రొట్టె, దోసె అన్నీ చెయ్యి. రోజూ వస్తుందా ఏంది, పండగ చెయ్యాల.

సింహపురి_బోగీ
గిత్త గారూ, అన్నీ చేస్తే ఆయన రెండు రోజులూ వంటింట్లోనే ఉంటాడు. ఆమె హాల్లో ఒక్కతే ఫోన్ చూసుకుంటూ కూర్చోవాలి. దానికోసమా అంత దూరం రావడం? పక్కన కూర్చుని తినగలిగినన్నే వండాలి. తమ్ముడూ, పూటకి ఒక్కటి నీ చేతివంట, మిగతాది అన్నం, పెరుగు. నా మాట విను.

చుక్కకూర
బోగీ గారి మాటే నా మాట.

మార్కాపురం_పలక
మా వైపు పిల్ల అంటే నేను మాట్లాడాల్సిందే. సజ్జరొట్టె జోలికి పోవద్దు అన్నా. సజ్జపిండికి జిగురుండదు, మరిగే నీళ్లు పోసి కలిపి చేత్తో తట్టాలి. చెయ్యి తిరగకపోతే పెనం మీదికి చేరేలోపే విరుగుతుంది. అది అత్తగారింటికి వెళ్లినప్పుడు తినండి.

కంది పచ్చడి మాత్రం చెయ్యాల్సిందే. మా మార్కాపురం వైపు అంటేనే కంది చేలు, మాకది రోజూ ఉండే వంట. కప్పు కందిపప్పు నూనె లేకుండా సన్నమంట మీద వేయించండి. కలుపుతూనే ఉండాలి. మొదట రంగు మారదు, విసుగు పుడుతుంది, మంట పెంచాలనిపిస్తుంది. పెంచకండి. పైన ఎర్రబడి లోపల పచ్చిగా ఉంటే పచ్చడి జిగటగా వస్తుంది. గింజ నోట్లో వేసుకుంటే కరకరలాడాలి, అప్పుడు దించండి. అదే మూకుడులో ఎనిమిది ఎండుమిరపకాయలు, స్పూను జీలకర్ర వేయించండి. చల్లారాక ముందు పొడిగా బరకగా తిప్పి, తర్వాత నానబెట్టిన చింతపండు కొంచెం, నాలుగు వెల్లుల్లి రెబ్బలు, ఉప్పు, చారెడు నీళ్లు వేసి ఇంకోసారి తిప్పండి. మరీ మెత్తగా వద్దు, పంటికి రవ్వ తగలాలి. రోలుంటే రోట్లో నూరండి, ఇంకా బాగుంటుంది.

పచ్చిపులుసుకి పొయ్యి మీద మరిగించే పనే లేదు. పల్చటి చింతపండు రసంలో మంట మీద కాల్చిన పచ్చిమిరపకాయలు రెండు, సన్నగా తరిగిన ఉల్లిపాయ, ఉప్పు, చిటికెడు బెల్లం వేసి చేత్తో గట్టిగా పిసకాలి. పైన చిన్న పోపు, కొత్తిమీర. వేడన్నంలో కంది పచ్చడి, నెయ్యి కలుపుకుని మధ్యమధ్యలో పచ్చిపులుసు. ఈ ఎండలకి దీన్ని మించింది లేదు.

ఒంగోలు_గిత్త
పలక తమ్ముడూ, నాకిప్పుడే ఆకలేస్తోంది. రాత్రికి మా ఇంట్లో ఇదే.

పెన్నా_ఒడ్డు
పొద్దున టిఫిన్ గురించి ఎవరూ చెప్పలేదు. నెల్లూరు ఇల్లన్నాక కారం దోసె ఉండాలి. దోసె పిండి బయట దొరుకుతుంది గానీ ఇంట్లోదే వేరు. మూడు గ్లాసుల బియ్యానికి గ్లాసు మినప్పప్పు, స్పూను మెంతులు. గురువారం మధ్యాహ్నం నానబెట్టి రాత్రి రుబ్బితే శుక్రవారానికి పొంగుతుంది, ఈ ఎండకి తొందరగానే పులుస్తుంది కాబట్టి పొంగగానే ఫ్రిజ్‌లో పెట్టెయ్.

ఎర్రకారం: ఎండుమిరపకాయలు వేణ్ణీళ్లలో నానబెట్టి, ఎర్రగడ్డ, తెల్లగడ్డ, ఉప్పు, కొంచెం చింతపండు వేసి మిక్సీ పట్టు. పుట్నాల పప్పు, ఉప్పు వేసి పొడి విడిగా చేసుకో. దోసె పెనం మీద ఉండగానే ఎర్రకారం పల్చగా రాసి, పప్పుల పొడి చల్లి, చుట్టూ నెయ్యి. తిప్పి వెయ్యకూడదు, మడిచి తియ్యడమే.

కావలి_కాఫీ
రాత్రి ప్రయాణం చేసొచ్చిన మనిషికి పొద్దున్నే ఎర్రకారమా?

పెన్నా_ఒడ్డు
శనివారం మామూలు దోసె, కొబ్బరి చట్నీ. ఆదివారం కారం దోసె. పిండి ఒక్కటే గదా. మిగిలిన పిండి ఆదివారం మధ్యాహ్నానికి పులుస్తుంది. దాంట్లో ఎర్రగడ్డ ముక్కలు, పచ్చిమిర్చి, జీలకర్ర, కొంచెం బియ్యప్పిండి కలిపి నూనెలో ఉండలు వేస్తే పులిబొంగరాలు. స్టేషన్‌కి బయలుదేరే ముందు టీతో పెట్టు. ఒకే రుబ్బుతో మూడు పూటలు గడుస్తాయి.

గూడూరు_నిమ్మ
పెరుగన్నం, నిమ్మకాయ ఊరగాయ మర్చిపోకండి. పెరుగు శుక్రవారం రాత్రి పడుకునే ముందు తోడు వెయ్యండి. పాలు వేలు పెడితే గోరువెచ్చగా ఉండాలి, స్పూను తోడు చాలు. ఎండాకాలం ఎక్కువ తోడేస్తే పొద్దునకే పుల్లబడుతుంది.

చీమకుర్తి_గ్రానైట్
స్వీటు చెయ్యాలా వద్దా?

గూడూరు_నిమ్మ
నెల్లూరులో మలై కాజా ఉండగా ఇంట్లో చెయ్యడం ఎందుకు. కొనుక్కురండి.

పొగతోట_కుర్రోడు
అన్నీ చదివి ఇలా అనుకున్నా. శనివారం పొద్దున మామూలు దోసె. మధ్యాహ్నం కొర్రమీను పులుసు, అన్నం, పెరుగు. రాత్రి మామిడికాయ పప్పు, వడియాలు. ఆదివారం కారం దోసె, మధ్యాహ్నం కంది పచ్చడి, పచ్చిపులుసు, సాయంత్రం పులిబొంగరాలు. వడలు, రొట్టె ఈసారికి లేవు. చేప శుక్రవారం పొద్దున కొంటా. అల్లూరు అక్కా, మూడు స్పూన్ల కారం తగ్గించొచ్చా? తను కారం కొంచెం తక్కువ తింటుంది.

అల్లూరు_అక్క
రెండు వెయ్యి. అప్పుడు చింతపండు కూడా పది గ్రాములు తగ్గించు, లేకపోతే పులుపు పైకొస్తుంది. రెండూ సమంగా నడవాల.

చుక్కకూర
పప్పు మెదపడానికి ఉదయగిరి చెక్క గరిట ఉంటే వాడు, స్టీలు దాంతో కుక్కర్ అడుగు గీసుకుపోతుంది.

మైపాడు_అల
అయ్యాక వచ్చి చెప్పాలి తమ్ముడూ. మాయమైపోకు.

పొగతోట_కుర్రోడు
చెప్పడానికే వచ్చా. ఇప్పుడే బండెక్కించి ఇంటికొచ్చా.

పులుసు శుక్రవారం రాత్రే అయిపోయింది. అంచుల దగ్గర నూనె తేలేదాకా ఆగాలని అక్క చెప్పిన మాట బాగా పనికొచ్చింది. శనివారం మధ్యాహ్నం కంచాలు రెండూ పెట్టుకుని పక్కపక్కనే కూర్చున్నాం. ముళ్లు లేవని నమ్మకం కుదిరాక రెండోసారి పులుసన్నం కలుపుకుంది. మామిడికాయ ముక్కలు ఏరుకుని ఏరుకుని తింది, నాకొక్కటీ మిగల్లేదు. రాత్రి పప్పులో ఉప్పు చాల్లేదంది, కలుపుకుని తిన్నాం.

ఆదివారం కంది పచ్చడి గిన్నె మూత తీయగానే వాసన చూసి "అమ్మకి ఫోన్ చేశావా?" అంది. మొదటి ముద్ద తిని అత్తగారికి వీడియో కాల్ చేసింది. వాళ్లిద్దరూ మాట్లాడుకుంటుంటే నేను వడ్డిస్తూ కూర్చున్నా. ఇంత సంతోషంగా నేను తనని ఈ మధ్య చూడలేదు. వంటింట్లోకి వస్తానంటే రెండు రోజులూ రానివ్వలేదు, అంట్లు తోమేటప్పుడు మాత్రం వచ్చి పక్కన నిలబడి కబుర్లు చెప్పింది.

సింహపురి_బోగీ
కడుపు నిండింది తమ్ముడూ. ఆ కబుర్ల కోసమే గదా ఈ ప్రయాణాలన్నీ.

ఒంగోలు_గిత్త
పులిబొంగరాలు ఏమైనాయి?

పొగతోట_కుర్రోడు
స్టేషన్‌కి కట్టుకుపోయాం గిత్త అన్నా. బండి వచ్చేలోపు ప్లాట్‌ఫారం మీదే అయిపోయాయి. మిగిలిన కంది పచ్చడి చిన్న స్టీలు డబ్బాలో పెట్టిచ్చా. పొద్దున దాకా ఉంటుందా? వచ్చే నెల హాస్టల్‌కి ఎక్కువ పంపాలనుంది.

మార్కాపురం_పలక
నీళ్లు పోసి రుబ్బింది ఈ ఎండకి రాత్రి దాటితే నమ్మకం లేదన్నా. రైల్లోనే తినెయ్యమని ఇప్పుడే ఫోన్ చెయ్యి. హాస్టల్‌కి పంపాలంటే కందిపొడి చెయ్యి. అదే కందిపప్పు, ఎండుమిర్చి, జీలకర్ర, ఉప్పు. చింతపండు, నీళ్లు లేకుండా పొడి కొట్టి, వెల్లుల్లి రెబ్బలు దంచి ఎండబెట్టి కలుపు. తడి తగలని సీసాలో పెట్టు, చెంచా కూడా పొడిగా ఉండాలి. ఎంచక్కా నెల రోజులు ఉంటుంది, మళ్లీ తను వచ్చేదాకా సరిపోతుంది.

గూడూరు_నిమ్మ
దాంతోపాటు నెయ్యి డబ్బా కూడా పంపండి. హాస్టల్లో అదే ఉండదు.